శాఖ వినని పద్యం

మంత్రిగారికి మెలకువ రావడంతో మొదలైంది ఇదంతా.

పోయిన ఏడాది రాష్ట్ర పద్యనాటక మహోత్సవాల్లో ఆయన ముందు వరస సోఫాలో హాయిగా నిద్రపోతున్నారు. పద్యాలకు నిద్ర చెడే మనిషి కాదాయన. కాని ధర్మరాజు వేషం కట్టిన పెద్దాయన ఒకరు మూడో పాదం మరిచిపోయి ఆగిపోయారు. ఆ నిశ్శబ్దానికి మంత్రిగారు ఉలిక్కిపడి లేచారు.

"ఏమైంది?"

"మరిచిపోయారు సార్," అన్నాడు పక్కనున్న అధికారి.

"ఎవరు?"

"ధర్మరాజు సార్."

"ఎందుకు?"

మంత్రి ఎందుకు అని అడిగితే ప్రభుత్వంలో ఎవరూ 'ఏమో' అనరు, కమిటీ వేస్తారు. ఆ కమిటీ వారు దేశమంతా తిరిగి, మరుపు అనేది మెదడులో పుడుతుందనీ, మెదడు నటుడి తలలో ఉంటుందనీ, నటుడు రంగస్థలం మీద ఉంటాడు కాబట్టి సదరు మెదడు రంగస్థల వికాస శాఖ కిందికే వస్తుందనీ తేల్చారు. ఇకమీదట ప్రభుత్వ వేదిక ఎక్కే ప్రతి నటుడూ మెదడు స్కానింగు తీయించుకుని, జ్ఞాపకాలుండే చోట కణాలు చెడిపోలేదని రుజువు చేసుకోవాలని ఉత్తర్వు వచ్చింది.

నాకు నిజంగానే సంతోషం వేసింది. ఇన్నాళ్లూ ప్రభుత్వం వారు మాకు శాలువాలు కప్పుతూ భుజాల దగ్గరే ఆగిపోయారు. ఇప్పటికి తలదాకా వచ్చారు. నేను రేపల్లె నాట్యమండలిలో హార్మోనిస్టుని, పేరు పానకాలు. హార్మోనిస్టులకు మాత్రం స్కానింగు అక్కర్లేదన్నారు. వేళ్లు ఉంటే చాలునట.

చిక్కల్లా మా కృష్ణుడితోనే వచ్చింది.

మా కృష్ణుడు గోవాడ వీరరాఘవులు గారు. నాకు అన్నయ్య వరస. ఆయన భార్య రత్నకుమారి మా సత్యభామ. సత్య అలగడం, కృష్ణుడు బతిమాలడం - మా మండలి వాళ్లు రాసుకున్న ఆ ఒక్క నాటకంతోనే ఈ చుట్టుపక్కల ఊళ్లన్నీ నలభై ఏళ్లు ఏలారు ఇద్దరూ. రెండేళ్లుగా అన్నయ్యకి మతిమరుపు జబ్బు. కరివేపాకు తెమ్మంటే బస్టాండులో తేలేవాడు. అన్నం తిన్న చెయ్యి ఆరకముందే "ఇవాళ వంట లేదా?" అనేవాడు. ఒకరోజు పొద్దున్నే కాఫీ ఇచ్చిన వదినని ఎగాదిగా చూసి, "ఎవరమ్మా మీరు? మా ఇంట్లో వాళ్లెవరూ కనపడరేం?" అని అడిగాడు. వదిన వంటింట్లోకి పోయి ఏడ్చింది. నేను అరుగు మీదే ఉన్నాను, విన్నాను.

అయితే సాయంత్రం నేను హార్మోనియం పెట్టె విప్పి శ్రుతి పట్టాననుకోండి, ఆయన నడుం నిటారైపోయేది. కళ్లలోకి కృష్ణుడొచ్చేవాడు. వదిన పెట్టెలోంచి సత్యభామ జడ తీసి పెట్టుకుని ముఖం అటు తిప్పుకుని కూర్చునేది. ఆయన ఎత్తుకునేవాడు:

మోము చూపవేని మూడులోకములకు
వెలుగు లేదు సత్య వినవె నన్ను
అలుక తీరు దాక నాగునీ మురళియు
అడుగు సాగ దింక నతివ నాకు

అక్షరం పొల్లు పోయేది కాదు. పాడి, ఆవిడ వంక చూసి, "సత్యా" అనేవాడు. పొద్దున కాఫీ ఇచ్చిన మనిషెవరో తెలియనివాడికి, జడ పెట్టుకున్న మనిషెవరో తెలిసేది.

నాటకంలో ఈ పద్యానికి సత్య తిరగకూడదు. ఇంకా మూడు పద్యాలు బతిమాలించుకుని, నాలుగో పద్యం చివర గాని ముఖం ఇటు తిప్పదు. జనం కూడా ఆ పంతం చూడ్డానికే వచ్చేవారు. ఇన్నేళ్లలో మా వదిన ఒక్కసారి కూడా ముందు తిరిగిన పాపాన పోలేదు.

ఈ ఏడు మహోత్సవాలు మా రేపల్లెలోనే అన్నారు.

"పానకాలూ, ఈ ఒక్కసారి మీ అన్నయ్యని స్టేజీ ఎక్కించాలయ్యా," అంది వదిన. "దీపాలు, జనం, చప్పట్లు... అవన్నీ ఉంటే ఆయన పూర్తిగా ఆయనవుతాడు. ఒక్క గంటయినా సరే, నేనెవరో తెలిసి నా వంక చూస్తాడు. వచ్చే ఏటికి పద్యం కూడా పోద్దేమో. ఎవరికి తెలుసు?"

ఆవిడ కోరిందల్లా అంతే. అడ్డమల్లా ఉత్తర్వే.

ముందుగా శాఖ నుంచి పరిశీలక బృందం వచ్చింది. ముగ్గురూ రాజధాని వాళ్లు. పద్యనాటకం ఎన్నడూ చూడలేదని, అందువల్ల తమకు ఏ పక్షపాతమూ లేదని ముందే చెప్పారు. మేం రిహార్సలు వేశాం. వీధిలో వాళ్లు గోడెక్కి చూశారు. అన్నయ్య పద్యం అందుకున్నాడు. చివరి 'నాకు' దగ్గర రాగం తీశాడు, పిట్టలు లేచిపోయాయి. గోడ మీద నుంచి "వన్స్ మోర్!" అని అరిచారు. పద్యనాటకంలో జనం వన్స్ మోర్ అంటే నటుడు మళ్లీ పాడాలి, అది మర్యాద. మళ్లీ పాడాడు. మళ్లీ అరిచారు, మళ్లీ పాడాడు. బృందం వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని గబగబా రాసుకోవడం చూసి, పాపం వాళ్లకీ నచ్చిందనుకున్నాను.

వాళ్ల నివేదిక తర్వాత జిల్లా ఆఫీసులో డిప్యూటీ డైరెక్టర్ పరంజ్యోతి గారు మాకు చదివి వినిపించారు. పరంజ్యోతి గారు చాలా పద్ధతి గల మనిషి. దగ్గినా ముందు గొంతు సవరించుకుని దగ్గుతారు.

"సదరు నటుడు చెప్పినదే మరల మరల చెప్పుచున్నాడు. ఇది రోగ లక్షణములలో ప్రధానమైనది," అని మొదలెట్టారు. "మాట పూర్తి చేయలేక ఆఖరి అక్షరము వద్ద చాలాసేపు అవస్థ పడినాడు. బృందంలో ఒకరు మంచినీళ్లు ఇవ్వబోయినారు. పేరు అడుగగా కృష్ణుడనెను. నివాసం ద్వారక అనెను. ఆధార్ కార్డులో రేపల్లె అని గలదు. భార్యలు పదహారువేల పైచిలుకు అని సెలవిచ్చెను. రేషన్ కార్డులో ఒక్కరే. సొంత భార్యను వేరొక పేరుతో పిలిచెను. అడుగు సాగడం లేదని తానే స్వయంగా ఒప్పుకొనెను. అనగా వ్యాధి కాళ్లకు కూడా సోకినది."

"అది పద్యంలో మాటండీ," అన్నాను.

"పద్యంలో అయినా నోటితోనే కదా అన్నది?"

ఆయన పేజీ తిప్పారు.

"మూడు లోకాలకు వెలుగు లేదన్న ఆరోపణను విద్యుత్ శాఖకు పంపాం," అన్నారు ఆయన. "మీ నటుణ్ణి వెంటనే స్కానింగుకు తీసుకురండి. మనం ఊహల మీద పోకూడదు. చిత్రం కావాలి మనకి."

ఆస్పత్రికి రమ్మంటే అన్నయ్య ససేమిరా అన్నాడు. గడప పట్టుకుని వేలాడాడు. వదిన ఆలోచించి లోపలికెళ్లి రేకు కిరీటం, నెమలి పింఛం పట్టుకొచ్చింది. ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడి, "ప్రభూ, రథం సిద్ధంగా ఉంది," అంది. అన్నయ్య "ఊఁ" అని లేచి కిరీటం పెట్టించుకుని, ఆటో ఎక్కి, దారి పొడుగునా జనాన్ని ఆశీర్వదిస్తూ వచ్చాడు. కొందరు దండాలు కూడా పెట్టారు.

స్కానింగు డాక్టరు నస్రీన్ అని చిన్న వయసు అమ్మాయి. ఆ యంత్రం పెద్ద అయస్కాంతమట. లోపలికి సూది ముక్క కూడా పోకూడదు, రేకు కిరీటం ఇంకేం పోతుంది? తియ్యమంటే అన్నయ్య కళ్లెర్ర చేశాడు. నేను భయపడ్డాను. ఆ అమ్మాయి రెండు చేతులూ జోడించి, "స్వామీ, ఈ ద్వారం చిన్నది. కిరీటం మీ సత్యభామ గారి దగ్గరుంచి రండి," అంది. అన్నయ్య చిరునవ్వు నవ్వి కిరీటం తీసి వదిన చేతుల్లో పెట్టాడు.

యంత్రం గుయ్యిమని మోగడం మొదలెట్టింది. లోపల మనిషి కదలకూడదు. కాని ఆ మోతలో అన్నయ్యకి శ్రుతి దొరికింది. గొట్టంలోంచి పద్యం వినపడింది. తల ఊగింది, బొమ్మ చెదిరిపోయింది. గాజు తలుపు ఇవతల డాక్టరమ్మ, మీట నొక్కే అతనూ పద్యం అయిందాకా అలాగే నిలబడిపోయారు.

"మళ్లీ తియ్యాలి మేడమ్," అన్నాడతను.

"తీద్దాంలే, పూర్తి కానీ," అందావిడ.

సత్యభామ కూడా వేదిక ఎక్కాలి కాబట్టి వదినకీ ఆ రోజే తీశారు. అన్నయ్య ఫిల్ము వచ్చాక ఆ అమ్మాయి మమ్మల్ని కూర్చోబెట్టి దాపరికం లేకుండా చెప్పింది. "కొత్త జ్ఞాపకాలు పట్టి ఉంచే చోటు ఇదమ్మా. నరాల కణాలు దెబ్బతిన్న కొద్దీ ఇక్కడ మెదడు కుదించుకుపోతుంది. మీవారికి బాగానే కుదించుకుపోయింది. జబ్బు నిజమే, దాన్ని వెనక్కి తిప్పలేం. కాని ఎన్నో ఏళ్లు పాడి పాడి వంటబట్టిన పాట మెదడులో వేరే చోట్లలో నిలిచి ఉంటుంది. చాలామందికి అది చివరిదాకా పోదు. ఈ బొమ్మ పోయినదేమిటో చూపిస్తుంది. మిగిలినదంతా చూపించలేదు."

వదిన ఆ ఫిల్ము చేతికి తీసుకుని, కుదించుకుపోయిన చోటు మీద వేలు పెట్టి చాలాసేపు నిమిరింది.

డాక్టరమ్మ రిపోర్టులో కణాలకు నష్టం ఉందనీ, పద్యాలు పాడగలరనీ రెండూ రాసింది. అది చదివి పరంజ్యోతి గారికి తలనొప్పి వచ్చింది.

"ఈ రెండు వాక్యాలకీ పొంతన లేదు. శాఖ ఏదో ఒకటే స్వీకరించగలదు. నష్టానికి బొమ్మ ఉంది. పద్యానికి బొమ్మ ఏది?"

"పద్యానికి బొమ్మ ఎందుకండీ, పాడిస్తాను వినండి," అని నేను వెంట తెచ్చిన హార్మోనియం పెట్టె విప్పాను.

మా పక్కనే కూర్చున్న అన్నయ్య పాడాడు. ఫైళ్ల గదిలో నుంచి, క్యాంటీన్ నుంచి జనం పరిగెత్తుకొచ్చారు. టైపిస్టు కళ్లు తుడుచుకుంది. అటెండరు వెనక నుంచి "వన్స్ మోర్!" అన్నాడు. పరంజ్యోతి గారి కాలు కూడా బల్ల కింద తాళం వేసింది, నేను చూశాను. పద్యం అయ్యాక ఆయన గొంతు సవరించుకున్నారు.

"అద్భుతం. నేను విన్నాను," అన్నారు. "కాని శాఖ వినలేదు."

"అదెట్టాగండీ?" అంది వదిన.

"అమ్మా, స్కానింగు ప్రకారం ఈయన మరిచిపోయి ఉన్నారు. శాఖాపరంగా మరిచిపోయిన పద్యాన్ని పాడటం సాధ్యం కాదు. కాబట్టి ఇప్పుడు ఇక్కడ జరిగింది జరగలేదు. మీ స్కానింగు దివ్యంగా ఉంది, సత్యభామగా మీరే ఉండండి. కృష్ణుడిగా శాఖ ఒక యోగ్యమైన మెదడును ఎంపిక చేసింది."

ఆ యోగ్యమైన మెదడు పేరు కౌశిక్. మంచి పిల్లాడే, జిల్లా కేంద్రంలో జిమ్ము నడుపుతాడు. నాటకం అంటే ఇదివరకు ఆసక్తి లేదు గాని, రాష్ట్రం మొత్తం మీద అంత నిండైన ఫిల్ము ఇంకెవరిదీ రాలేదట. దాన్ని పెద్దది చేయించి, మైదానం గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. కింద 'మన కృష్ణుడు' అని రాశారు. జనం దాని పక్కన నిలబడి ఫోటోలు దిగారు.

"బాబూ, పద్యాలు వచ్చినాయా?" అని వదిన అడిగితే, "పర్లేదాంటీ, స్కాన్‌లో అంతా నార్మల్ అన్నారు," అన్నాడు.

నేను ఆగలేక పరంజ్యోతి గారితో అన్నాను. "కుర్రాడికి ఒక్క పద్యం కూడా నోటికి రాలేదండీ."

"రాకపోవడానికి వైద్యపరమైన కారణం ఏదీ లేదు," అన్నారు ఆయన. "రాదని మీరనుకుంటున్నారు. బొమ్మ అలా అనడం లేదు."

వదిన వెయ్యనని మొండికేస్తుందనుకున్నాను. వెయ్యకపోతే మండలి పేరు కొట్టేస్తామని శాఖ వారు కబురు పంపారు, కాని ఆవిడ ఒప్పుకున్నది అందుకు కాదు. "మీ అన్నయ్యని ముందు వరసలో కూర్చోబెట్టు పానకాలూ. కిందనుంచైనా సరే, జడ పెట్టుకున్న సత్యని చూస్తాడు గదా," అంది.

మహోత్సవం రోజు సాయంత్రం కళాశాల మైదానం నిండిపోయింది. మంత్రిగారు వచ్చి సోఫాలో కుదురుకుని, దీపం వెలిగించిన కాసేపటికే నిద్రలోకి జారుకున్నారు. రెండో సోఫా చివర అన్నయ్య, తెల్లపంచె, తెల్లచొక్కా. తెర లేచింది. వదిన ముఖం అటు తిప్పుకుని కూర్చుంది. జడ నేలకి తగులుతోంది.

కౌశిక్ వచ్చాడు. వేషం బ్రహ్మాండంగా కుదిరింది. నేను శ్రుతి ఇచ్చాను. మొదటి పాదం అన్నాడు. రెండోది అన్నాడు. "అలుక తీరు..." అన్నాడు.

ఆగిపోయాడు.

మైదానంలో చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. మంత్రిగారు కదిలారు. పక్క తెర చాటు నుంచి పరంజ్యోతి గారు కౌశిక్ ఫిల్మునే దీపానికి అడ్డంగా ఎత్తి పట్టుకుని, వేలితో చూపిస్తూ, "ఇదిగో, ఇక్కడుంది! ఇక్కడే ఉంది!" అని గుసగుసగా అరుస్తున్నారు. కుర్రాడు అటు చూసి చెమటలు కక్కుతున్నాడు. "అలుక తీరు... అలుక తీరు..." అంటూ అక్కడే తిరుగుతున్నాడు. రోగ లక్షణాల్లో ప్రధానమైనదే, కాని ఎవరూ రాసుకోలేదు.

నేను శ్రుతి వదలలేదు. ఎందుకు వదలలేదో నాకే తెలుసు.

"...దాక నాగునీ మురళియు..."

సోఫా దగ్గర నుంచి వచ్చింది ఆ గొంతు. అన్నయ్య లేచి నిలబడ్డాడు. ఎవరూ ఆపలేదు, ఆపడానికి ఎవరికీ చేతులు రాలేదు. పాడుకుంటూ పక్క మెట్లెక్కి, దీపాల వెలుగులోకి వచ్చి, సత్య ముందు చెయ్యి చాచి, 'నాకు' దగ్గర రాగం ఎత్తుకున్నాడు. మైదానం హోరెత్తిపోయింది. "వన్స్ మోర్!" మంత్రిగారు కూడా లేచి అరిచారు. రాగం దిగాక అన్నయ్య మెల్లగా, "సత్యా," అన్నాడు.

వదిన ఇటు తిరిగింది.

ముందే తిరిగింది. ఇంకా మూడు పద్యాలు ఉండగానే తిరిగి, ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని మొహానికి ఆనించుకుంది. నా వేళ్లు ఆగిపోయాయి. నాటకం అక్కడితో అయిపోయింది. బతిమాలాల్సిన పని లేకపోయాక కృష్ణుడు మాత్రం ఏం చేస్తాడు?

బహుమతుల వేళకి శాఖ తేరుకుంది. స్కానింగు ప్రకారం వీరరాఘవులు గారు పాడి ఉండే అవకాశం లేదు. పద్యం పాడబడింది. వేదిక మీద పద్యం గల మెదడు కౌశిక్‌ది ఒక్కటే. అందువల్ల ఉత్తమ నటుడు కౌశిక్ అని ప్రకటించారు. శాలువా కప్పబోతే ఆ కుర్రాడు "నేను కాదు సార్, ఆ తాతగారు," అన్నాడు, పాపం నిజాయితీగా. పరంజ్యోతి గారు మైకు చేత్తో మూసి, "నువ్వే బాబూ, నీకు గుర్తులేదు," అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. లేవబోయాను. పక్కనే కూర్చున్న అన్నయ్య అప్పటికే ఆనందంగా చప్పట్లు కొడుతున్నాడు.

"ఎవరోయ్ ఆ కుర్రాడు?" అన్నాడు నా వంక తిరిగి. "మూడో పాదం ఏం ఎత్తాడయ్యా! అట్టాంటి గొంతు విని ఎన్నాళ్లయింది!" అని లేచి నిలబడి, "వన్స్ మోర్!" అని అరిచాడు.

వారం తిరక్కుండా వదినకి నోటీసు వచ్చింది. నాటక క్రమం మరిచి, మూడు పద్యములు ముందుగా అలక తీరిన కారణంగా సదరు సత్యభామ మెదడును తిరిగి పరీక్షించవలెనని. ఆవిడ నన్ను, అన్నయ్యని వెంటపెట్టుకుని ఆస్పత్రికి వెళ్లింది. నస్రీన్ డాక్టరమ్మ బొమ్మ తీసి, వెలుగుకి ఎత్తి పట్టి, అటూ ఇటూ చూసి నవ్వింది.

"అంతా చక్కగా ఉందమ్మా. ఒక్క చుక్క కూడా చెడలేదు. మరి ఆ రోజు ఎందుకు మరిచిపోయారు?"

వదిన బెంచీ మీద కూర్చున్న అన్నయ్య వంక చూసింది. ఆయన ఎవరో తెలియని పెద్దావిడని చూసినట్టు మర్యాదగా నవ్వాడు.

"మరిచిపోలేదమ్మా," అంది వదిన. "ఇంకో మూడు పద్యాలదాకా ఆయన ఉంటాడో ఉండడోనని తిరిగాను."